పసికందుకు కామెర్లా? ఎండను నమ్ముకోవద్దు

కాన్పయిన రెండు మూడు రోజులకు తల్లీబిడ్డలు ఇంటికి చేరతారు. సరిగ్గా అప్పుడే పసికందు ముఖం మీద పచ్చదనం తేలడం మొదలవుతుంది. ‘పసిరికలే, పొద్దుటెండకు పట్టుకుంటే పోతాయి’ అంటారు ఇంట్లో పెద్దలు. చాలామంది పిల్లల్లో ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఎందుకంటే ఎండ చూపినా చూపకపోయినా వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. చిక్కల్లా తగ్గని ఆ కొద్దిమందితోనే.

నెలలు నిండి పుట్టిన ప్రతి పది మందిలో ఆరుగురికి ఎంతో కొంత కామెర్లు వస్తాయి. పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువ. అవి విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని బయటికి పంపే సత్తా లేత కాలేయానికి ఇంకా పూర్తిగా ఉండదు. అందుకే మూడు నుంచి అయిదో రోజు మధ్య పచ్చదనం బాగా పెరుగుతుంది. అంటే డాక్టర్ల ముందు కాదు, మీ ఇంట్లో, మీ కళ్ల ముందే. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాన్పు వరకు ఫర్వాలేదు. ఇంటికెళ్లాక వచ్చే వారమే చూసుకోవాలి.

బిలిరుబిన్ మోతాదు మించితే మెదడులోకి చేరుతుంది. వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ జీవితాంతం స్వాధీనంలో లేకుండా పోవచ్చు. ఆ నష్టం జరిగాక వెనక్కి తేలేం. ముందే వస్తే మాత్రం చికిత్స చాలా తేలిక. కళ్లకు గంతలు కట్టి, నీలికాంతి దీపాల కింద పడుకోబెడతాం. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పొద్దుటెండ ఆ పని చేయలేదు. పాలమూరు వేసవిలో బట్టల్లేకుండా ఎండలో ఉంచితే ఒంట్లో నీరు తగ్గుతుంది, చలికాలంలో ఒళ్లు చల్లబడుతుంది. ఆకు పసర్లు, వాతలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

బిడ్డను పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి. ట్యూబులైటు కింద పచ్చదనం సరిగా తెలియదు. చర్మాన్ని వేలితో మెల్లగా నొక్కి వదలండి. పచ్చదనం ముందు ముఖంలో కనిపించి, తరవాత ఛాతీ, పొట్ట, చివరికి అరచేతులు, అరికాళ్ల దాకా దిగుతుంది. పొట్ట దాటిందంటే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరికాళ్లు పచ్చబడినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా గంట కూడా ఆగొద్దు. తల్లిది ఓ గ్రూపు లేదా నెగెటివ్ గ్రూపు అయినా, నెలలు నిండకుండా పుట్టినా మరింత కనిపెట్టి ఉండాలి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, విరేచనం సున్నంలా తెల్లగా అవుతుంటే అది వేరే జబ్బు కావచ్చు.

పురుడు అయ్యేదాకా, అంటే కొన్ని ఇళ్లలో 21వ రోజు దాకా, బిడ్డను గడప దాటించకూడదన్న పట్టింపు ఉంది. బయటివాళ్ల తాకిడి తగ్గుతుంది కాబట్టి అది మంచిదే. కానీ ఆసుపత్రికి ఆ పట్టింపు వర్తించదు. ఎండ మీద నమ్మకం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

ఇంట్లో చేయగలిగింది పాలు పట్టడం. బిలిరుబిన్ ఎక్కువగా విరేచనంలోనే పోతుంది, విరేచనం కావాలంటే కడుపులో పాలు పడాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లు కూడా ఇవ్వాలి. సిజేరియన్ అయిన తల్లికి పాలు కాస్త ఆలస్యంగా పడొచ్చు. అంతమాత్రాన తేనె, గ్లూకోజు నీళ్లు, ఉగ్గు మొదలుపెట్టొద్దు. ఏప్రిల్ ఎండల్లో కూడా నీళ్లు అక్కర్లేదు. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. తల్లి పసుపు తిన్నందువల్ల బిడ్డకు కామెర్లు రావు. బాలింతకు కడుపునిండా అన్నం, పప్పు, కూర పెట్టండి, నీళ్లు తాగనివ్వండి.

ఇక బొడ్డుకు నూనె, పసుపు, పౌడరు ఏమీ వద్దు. పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది. గదిలో సాంబ్రాణి పొగ వేయొద్దు.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. బిడ్డ పడుకున్నాడని గుమ్మంలోంచే పంపేయకండి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉంది. ఏడాదిలోపు పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స ఉచితం. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు తల్లి బ్లడ్ గ్రూపు రాసి ఉన్న డిశ్చార్జి కాగితం తెండి. దారిలో బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి, మీద దుప్పటి కప్పండి. తాగగలిగితే పాలు పడుతూనే రండి.