పేలని గుండుకు తాళాలుండవు

“కిలోమీటర్ల దూరం ఎగిరొచ్చి నేలను గుద్దుకున్నప్పుడు పేలని ఫిరంగి గుండు, ఇంటి వెనక ఎవరో ఉలి పెట్టి కొడితే పేలడమేమిటి? ఆ దెబ్బ కంటే ఈ దెబ్బ పెద్దదా?” అని కామారెడ్డి నుంచి ఒక ఉపాధ్యాయురాలు అడిగారు. సైన్యం కాల్పులు సాధన చేసే మైదానాల్లోకి తుక్కు కోసం చొరబడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు రాజస్థాన్‌లోని పొఖ్రాన్, మహాజన్ వైపు నుంచీ, మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్, మౌ వైపు నుంచీ వస్తూనే ఉంటాయి. అలాంటి వార్తే ఆవిడ తరగతిలో పిల్లలు చదివారట. ఈ నెలకు వేరే అంశం అనుకున్నాను గానీ, ఈ ప్రశ్న చూశాక అది మూలకు పోయింది.

జవాబు చెప్పేస్తాను. ఉలి దెబ్బ చిన్నదే. కాకపోతే ఫిరంగి నోట్లోంచి బయటపడిన గుండుకు చిన్న దెబ్బే చాలు. నేల మీద పడ్డప్పుడు ఆ దెబ్బ తగలాల్సిన చోట తగల్లేదు. ఉలి కింద తగిలింది.

గుండులో ఏముంటుందో గబగబా చూద్దాం. ఉక్కు పెంకు, అందులో ప్రధాన మందు, ముక్కున ఫ్యూజు. 155 మిల్లీమీటర్ల గుండులో 6, 7 కిలోల మందు పడుతుంది. అది టీఎన్‌టీ కావచ్చు, ఆర్‌డీఎక్స్ కలిపిన మిశ్రమం కావచ్చు. టీఎన్‌టీ ఎంత మొద్దు పదార్థమంటే, 1863లో జర్మన్ రసాయనవేత్త యూలియుస్ విల్‌బ్రాంట్ దాన్ని తయారుచేశాక కొన్ని దశాబ్దాల పాటు అది పసుపు రంగు అద్దకానికే పనికొచ్చింది. 80 డిగ్రీల దగ్గర బుద్ధిగా కరుగుతుంది, పాయసంలా గుండ్లలో పోయొచ్చు. ఈ బుద్ధిమంతుణ్ణి చూసి బ్రిటిష్ ప్రభుత్వం 1910లో తయారీకీ నిల్వకూ సంబంధించినంతవరకు దాన్ని పేలుడు పదార్థాల చట్టం నుంచి తప్పించింది. 1917 జనవరి 19న లండన్ తూర్పున ఉన్న సిల్వర్‌టౌన్ కర్మాగారంలో నిప్పంటుకుని సుమారు 50 టన్నుల టీఎన్‌టీ పేలింది. 73 మంది చనిపోయారు. గుండును మంట మీద పెట్టి మందు కరిగించి తీసేయొచ్చనుకునేవాళ్లకు చెప్పాల్సిన కథ ఇది.

ఇక నాకు అసలు ఇష్టమైన భాగానికి వద్దాం: ఫ్యూజు. అంత మొద్దు మందును లేపడానికి అంచెలంచెలుగా పని జరగాలి. మొదట సూదిలాంటి పిన్ను, దాని పోటుకు పేలే చిటికెడు డిటొనేటరు, ఆ పేలుడును పెద్దది చేసే బూస్టరు, చివరికి ప్రధాన మందు. డిటొనేటరులో వాడే లెడ్ అజైడ్ లాంటివి మహా ముక్కోపి పదార్థాలు. మరి ఇలాంటిదాన్ని కడుపులో పెట్టుకున్న గుండు లారీలో గతుకుల దారిన ఎలా వెళ్తోంది? జవాను చెయ్యి జారి కింద పడినా పేలదేం?

ఎందుకంటే డిటొనేటరు పిన్నుకు ఎదురుగా ఉండదు. ఒక చిన్న తిరుగుడు బిళ్లలో కూర్చోబెట్టి, ఆ బిళ్లను పక్కకు తిప్పి, తాళాలు బిగిస్తారు. ఏ కారణంగానో అది పేలినా ఆ పేలుడు బూస్టరుదాకా పోదు. నమూనాను బట్టి వివరాలు మారతాయి గానీ సూత్రం ఇదే. ఆ తాళాలు తీసేది మనిషి కాదు, ఫిరంగి. రవాణాలో ఎన్నడూ జంటగా ఎదురుకాని రెండు బలాలు దాని గొట్టంలో ఎదురవుతాయి.

మొదటిది వెనక్కి నెట్టే బలం. సుమారు 6 మీటర్ల గొట్టంలో గుండు సున్నా నుంచి సెకనుకు 680 మీటర్ల వేగం అందుకుంటుంది. వేగం వర్గాన్ని గొట్టం పొడవుకు రెట్టింపుతో భాగించి చూడండి: త్వరణం సగటున గురుత్వానికి 3,900 రెట్లు వస్తుంది. తాళంలోని 10 గ్రాముల ముక్క ఆ క్షణంలో 39 కిలోల బరువై, కింద ఉన్న స్ప్రింగును అణిచేస్తుంది. ఒక తాళం ఊడింది. కింద పడ్డ గుండుకూ గట్టి కుదుపే తగులుతుంది గానీ అది తగిలీ తగలగానే ఆగిపోతుంది. గొట్టంలోని తోపు సెకనులో 50, 60వ వంతు సేపు వదలకుండా ఉంటుంది. తాళం చూసేది ఆ తేడానే.

రెండోది తిరుగుడు. గొట్టం లోపల మరమేకుకు ఉన్నట్టు వంపు చాళ్లుంటాయి. 155 మిల్లీమీటర్ల ఫిరంగిలో సాధారణంగా 3.1 మీటర్లకు ఒక చుట్టు. 680ని 3.1తో భాగిస్తే సెకనుకు దాదాపు 220 చుట్లు, అంటే నిమిషానికి 13,000 పైమాట. ఇరుసుకు 1 సెంటీమీటరు దూరంలో ఉన్న కొక్కేన్ని బయటికి లాగే బలం గురుత్వానికి 1,900 రెట్లు! కొక్కేలు విడిపోతాయి, బిళ్ల తిరుగుతుంది, డిటొనేటరు వచ్చి పిన్నుకు ఎదురుగా నిలబడుతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. న్యూటన్ సూత్రాలే తాళంచెవులు. ఇక మిగిలిన అడ్డల్లా ఒక బలహీనమైన స్ప్రింగు. గాలి ఆపుతున్నకొద్దీ పిన్ను ముందుకు జారిపోకుండా చూడటమే దాని పని.

గుండును తిప్పేది దాని నడుముకు చుట్టిన రాగి పట్టీ. ఉక్కు గుండు చాళ్లలో ఇమడదు కాబట్టి, మెత్తటి రాగి ఆ చాళ్లలోకి కోసుకుపోయి గుండును తనతో తిప్పుతుంది. ఒకసారి పేల్చిన గుండు పట్టీ మీద ఏటవాలు గాట్లు వరసగా కనిపిస్తాయి. బాంబుల నిపుణులు దూరం నుంచే చూసే గుర్తుల్లో ఇదొకటి: గాట్లుంటే ఫిరంగి దాటొచ్చింది, తాళాలు తీసి ఉన్నట్టే. తుక్కు ఏరే మనిషి కన్నుపడేదీ ఈ పట్టీ మీదే. ఇనుము కిలో ధర ఎంత, రాగి కిలో ధర ఎంత! అతను ఉలి పెట్టేది కూడా ఆ గాట్ల పక్కనే.

అలా పేలకుండా ఉండిపోయినవాటిని సైన్యంలో బ్లైండ్లు అంటారు. బురదలోనో ఇసుకలోనో మెత్తగా దిగితే పిన్నుకు చాలినంత పోటు రాదు. ఏటవాలుగా రాసుకుంటూ పడినా అంతే. బిళ్ల సగం తిరిగి ఇరుక్కుపోవచ్చు. ఎలుక ఎర వాసన చూసి వెళ్లిపోయినంత మాత్రాన బోను మూతపడదు కదా. పిన్ను ఎక్కడిదాకా వచ్చి ఆగిందో పైనుంచి ఎవరికీ కనిపించదు. ఎత్తడం, పొర్లించడం, సైకిలు క్యారియర్ మీద కట్టడం, ఇందులో ఏదైనా ఆ మిగిలిన దూరాన్ని దాటించొచ్చు.

“తుప్పు పట్టింది, చచ్చిపోయింది” అనేది తుక్కు కొట్ల దగ్గర వినిపించే శాస్త్రం. మొదటి ప్రపంచ యుద్ధపు షెల్ ఒకటి 2014లో బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో పేలి ఇద్దరు కార్మికులను చంపింది. వందేళ్లయినా చావలేదది. వయసుతో ప్రమాదం పెరిగే దారి కూడా ఉంది. తేమ చేరితే లెడ్ అజైడ్ నుంచి హైడ్రజోయిక్ ఆమ్లం పుడుతుంది. అది రాగినో ఇత్తడినో తాకితే కాపర్ అజైడ్ తయారవుతుంది. లెడ్ అజైడే ముక్కోపి అనుకుంటే, దీనికి కొద్దిపాటి రాపిడి చాలు. అందుకే తయారీదారులు లెడ్ అజైడ్‌ను రాగి గిన్నెల్లో కాక అల్యూమినియం గిన్నెల్లో నింపుతారు.

ట్యాంకులను ఛేదించే కొన్ని గుండ్ల సంగతి మరీ విచిత్రం. వాటి ముక్కులో ఒక స్ఫటికం ఉంటుంది. నొక్కితే కరెంటు పుట్టించే ఈ గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు పియేర్, జాక్ కనిపెట్టారు. అలాంటి ముక్కు మీద సుత్తి వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

జాగ్రత్తలు రాయమంటారు కాబట్టి రాస్తున్నాను: ముట్టుకోవద్దు, రాయి విసరొద్దు, వచ్చిన అడుగుల వెంటే వెనక్కి వెళ్లి 112కు చెప్పండి. నిపుణులు కూడా బ్లైండును వీలైనంతవరకు కదపరు, ఉన్నచోటే మందు పెట్టి పేల్చేస్తారు. మైదానంలోంచి జనాన్ని దూరంగా ఉంచడానికి 1938 నాటి చట్టం ఉంది. కానీ నా చిరాకంతా వేరే చోట. 2004లో ఘజియాబాద్ దగ్గర ఉక్కు కర్మాగారంలో, దిగుమతి తుక్కులో వచ్చిన షెల్ పేలి కార్మికులు చనిపోయాక, విదేశీ తుక్కుకు తనిఖీ పత్రం తప్పనిసరి చేశారు. ఓడలో వచ్చేదానికి తనిఖీ కావాలి, మైదానం పక్క ఊళ్లోంచి గోనెసంచిలో వచ్చేదానికి అక్కర్లేదు. ఏరినవాణ్ణి చొరబాటుదారు అంటారు. గాట్లున్న రాగి పట్టీని తూకం వేసి డబ్బిచ్చినవాణ్ణి అది ఎక్కడిదని అడిగేవాళ్లేరీ?