తొట్టిలో తూగిన ఓడ

నమూనా ఓడను నిర్మించుటలో రూపము సగము పని మాత్రమే. బరువు తక్కిన సగము. పొగగొట్టము, కొయ్యస్తంభము, ఫిరంగి, నిచ్చెన అన్నియు అచ్చముగ అమర్చినను, నీట విడిచినంతనే బెండువలె పైకి తేలి పక్కకొరిగినచో అది బొమ్మయే గాని నమూనా గాదు. అందుచేతనే పెద్ద నమూనాలను చేయువారు వానిని చెరువునకు గొనిపోవుటకు ముందు ఇంటనే పరీక్షింతురు. ఈ పని పిల్లలాటవలె గన్పట్టినను, దీని వెనుక ఒక మహాశిల్పి కృషియు, ఒక ఘోర ప్రమాదమును గలవు.

మొదట లెక్కను గమనింతము. 100 మీటర్ల పొడవును, 2,500 టన్నుల బరువును గల ఓడకు 50వ వంతు కొలతలో నమూనా చేసితిమనుకొందము. దాని పొడవు 2 మీటర్లు. బరువు గూడ 50వ వంతే యనుకొనరాదు. పొడవు, వెడల్పు, లోతు మూడును 50వ వంతునకు తగ్గుచున్నవి గనుక, బరువు 50ని మూడుమార్లు హెచ్చవేయగా వచ్చు 1,25,000వ వంతునకు తగ్గును. కావున నమూనా సరిగ 20 కిలోలు తూగవలెను. చెక్కయు, యంత్రమును గలసి 8 కిలోలే యైనచో, తక్కిన 12 కిలోలు ఓడ యడుగున చేర్పవలసిన బరువు. దీనినే నావికులు బ్యాలాస్టు అందురు.

ఇంత పెద్ద నమూనా ఇంటి నీళ్లతొట్టిలో పట్టదు. చెక్కపలకలతో చట్రము నిలిపి, అందు గట్టి ప్లాస్టిక్ పట్టా పరచి నీరు నింపిన చాలును. తొట్టి ఓడ యొడలికి మిక్కిలి దగ్గరగ నున్నచో 20 కిలోల ఓడను 10 లీటర్ల నీటనైనను తేల్పవచ్చును. ఆర్కిమిడీసు సూత్రమునకు కావలసినది ఓడ మునిగిన మేర పరిమాణమే గాని, తొట్టిలోని నీటి మొత్తము గాదు. ఉపాధ్యాయులు తరగతిలో చూపదగిన వింత యిది.

పిమ్మట ఇసుకసంచులను, ఇనుపముక్కలను ఓడ యడుగున నుంచి, ముందువెనుకలకు జరుపుచు, కుడియెడమలకు మార్చుచు, ఓడపై గీచిన నీటిగీత అన్నివైపుల నీటిమట్టముతో కలియునట్లు సరిచేయవలెను. సీసము కొంచెము చోటనే ఎక్కువ తూగును గాని, అది విషపదార్థము, పిల్లలచేత ముట్టింపరాదు. తూకము కుదిరిన పిదప ఆ బరువులను కదలకుండ బిగింపవలెను. విడిగనున్న బరువు ఓడ ఒరిగినవైపునకే జారి, దానిని మరింత వంచును.

నీటిగీత కుదిరినంతమాత్రమున పరీక్ష ముగియదు. అదే బరువును పైన నుంచినను నీటిగీత అదే విధముగ నుండును. కాని ఓడ బోర్లపడవచ్చును. దీనిని కనిపెట్టుటకు వంపు పరీక్ష కలదు. ఓడ నడుమ 40 సెంటీమీటర్ల దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయుడు. 200 గ్రాముల బరువు నొకదానిని ఓడ నడుమనుంచి 10 సెంటీమీటర్లు పక్కకు జరుపుడు. గుండు 2 సెంటీమీటర్లు కదలినదనుకొనుడు. 2ను 40చే భాగింప 0.05 వచ్చును. జరిపిన బరువును జరిగిన దూరముచే హెచ్చవేసి, ఓడ బరువును 0.05చే హెచ్చవేయగా వచ్చినదానితో భాగించినచో 2 సెంటీమీటర్లు తేలును. గురుత్వకేంద్రమునకు పైన మెటాసెంటరు అను బిందువు ఎంత యెత్తున నున్నదో తెలుపు కొలత యిది. 50 రెట్లు పెంచిన, పెద్ద ఓడకు 1 మీటరు. ఈ కొలత సున్నకు దిగినచో ఓడ నిటారుగ నిలువజాలదు.

ఈ పరీక్ష విలువను బ్రిటిషు నౌకాదళము మిక్కిలి కష్టముగ తెలిసికొనినది. కెప్టెన్ అను యుద్ధనౌక అనుకొన్నదానికన్న బరువెక్కి, అడుగునకు పైగ ఎక్కువ లోతు మునిగినది. దానికి బరువైన ఫిరంగి గోపురములును, ఎత్తైన తెరచాప స్తంభములును గలవు. 1870 జూలైలో దానికి వంపు పరీక్ష జరిగినది. కాని లెక్కల ఫలితము సకాలమున నావికులకు అందలేదు. సెప్టెంబరు 7వ తేదీన, స్పెయిను తీరపు ఫినిస్టెర్ అగ్రమునకు సమీపమున, గాలివానలో ఆ ఓడ బోర్లపడినది. దానిని రూపొందించిన కూపర్ కోల్స్‌తో సహా నాలుగువందల మందికి పైగ మరణించిరి.

ఆ కాలముననే విలియం ఫ్రూడ్ అను ఇంగ్లీషు ఇంజనీరు చిన్న ఓడలతో పెద్ద ఓడల గుణమును తెలిసికొను మార్గమును వెదకుచుండెను. ఆయన 1867లో డార్ట్ నదిపై 3, 6, 12 అడుగుల నమూనాలను లాగి పరీక్షించెను. కొలత మారినపుడు వేగమును పొడవుయొక్క వర్గమూలమును బట్టి మార్చినచో అలలు ఒకే తీరున లేచుననియు, అపుడే ఒకదానినుండి మరియొకదానిని లెక్కింప వీలగుననియు ఆయన గ్రహించెను. నౌకానిర్మాత స్కాట్ రస్సెల్‌వంటి ప్రసిద్ధులు ఈ చిన్న ప్రయోగములు పెద్ద ఓడలకు పనికిరావని వాదించిరి. ఫ్రూడ్ వెనుదీయలేదు. ప్రభుత్వ సహాయముతో టార్కీ పట్టణమున తన యింటిచెంతనే 278 అడుగుల పొడవైన తొట్టిని కట్టించి, 1872లో మైనముతో చేసిన నమూనాలను అందు లాగించెను. 1871లో గ్రేహౌండ్ అను నిజమైన ఓడను మరియొక ఓడచే లాగించి గైకొన్న కొలతలు, తొట్టి చెప్పిన లెక్కతో సరిపోలినవి. వాదము ముగిసినది.

నేడు మన విశాఖపట్టణమున నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన పరీక్షాతొట్టి గలదు. టార్కీలోని ఇంటి తొట్టికిని దానికిని పరిమాణమున ఎంతో భేదమున్నను సూత్రము ఒక్కటే. ఇంటి పెరటిలో ప్లాస్టిక్ పట్టాపై తేలు రెండు మీటర్ల ఓడకును ఆ సూత్రమే వర్తించును. రూపమును జూచి తృప్తి చెందక, తూకమును అడిగి తెలిసికొను అలవాటు విద్యార్థులకు ఈ తొట్టియొద్దనే అలవడగలదు. తెలిసిన ఫలితమును కావలసినవారికి వెంటనే తెలుపవలెనను బాధ్యతయు దానితోడనే అలవడవలెను.