చుట్టంలా రావాలి... తిష్ఠ వేయకూడదు!

2007 సెప్టెంబరు. పదవి చేపట్టి ఏడాది తిరక్కుండానే జపాన్‌ ప్రధాని షింజో అబే రాజీనామా ప్రకటించారు. రాజకీయ చిక్కులకు తోడు, పదిహేడో ఏట మొదలైన పెద్దపేగు జబ్బు తిరగబెట్టింది. 2012లో ఆయనే మళ్లీ ప్రధాని అయ్యారు. ఆ దేశంలో ఎక్కువ కాలం పాలించిన ప్రధానిగా నిలిచారు. 2020లో మళ్లీ అదే జబ్బు, మళ్లీ రాజీనామా!

దాని పేరు అల్సరేటివ్‌ కొలైటిస్‌. కొన్నాళ్లు ముంచెత్తుతుంది, కొన్నేళ్లు ఊసే ఉండదు.

మొలలు అనుకుంటే...

శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడంతో పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. రక్తం, జిగురుతో విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, నీరసం. మన దగ్గర చాలామంది మొలలనో, అమీబా విరేచనాలనో అనుకుని నెలలు గడిపేస్తారు. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తేగానీ సంగతి తేలదు.

మంటలార్పే మందు

జబ్బు స్వల్పంగా ఉంటే మెసలమైన్‌ సరిపోతుంది. అదుపు తప్పితే స్టెరాయిడ్‌ వాడక తప్పదు. 1955లో బ్రిటన్‌ వైద్యులు ట్రూలవ్‌, విట్స్‌ 210 మంది రోగులపై జరిపిన పరీక్ష దీని సత్తా చాటింది. కార్టిజోన్‌ తీసుకున్నవారిలో 41 శాతం మందికి ఆరు వారాల్లో జబ్బు సద్దుమణిగింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అలా తేరుకున్నది 16 శాతమే.

కానీ మంటలార్పడమే దాని పని, మళ్లీ అంటుకోకుండా చూడటం కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌ వైద్యులు 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్టెరాయిడ్‌ మొదలుపెట్టిన ఏడాదికి సగం మందే అది లేకుండా కుదురుగా ఉన్నారు. 22 శాతం మంది దాన్ని మానలేకపోయారు. 29 శాతం మందికి ఆపరేషన్‌ చేయాల్సి వచ్చింది. వాళ్లంతా నేటి కొత్త మందులు రాకముందు చికిత్స పొందినవారు.

పాత చీటీతో ప్రమాదం

అసలు చిక్కు ఇక్కడే. రెండు వారాల్లో రక్తం ఆగుతుంది, ఆకలి పుడుతుంది. దాంతో ఈసారి తిరగబెడితే పాత చీటీ పట్టుకుని మందుల దుకాణానికే వెళ్తారు. అలా నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. భయపడి ఒక్కసారిగా మానేసినా ముప్పే. బయటి నుంచి మందు అందుతున్నన్నాళ్లూ అడ్రినల్‌ గ్రంథులు సొంత పని తగ్గించేస్తాయి. అందుకే వైద్యులు మోతాదును వారాల తరబడి మెల్లగా దించుతారు.

తర్వాతి జీవితం?

స్టెరాయిడ్‌ దిగేలోగా దీర్ఘకాలం వాడే మందు పట్టాలెక్కాలి. మెసలమైన్‌, అజాథయోప్రిన్‌, బయలాజిక్‌ ఇంజెక్షన్లు, టోఫాసిటినిబ్‌ మాత్రలు... ఏది ఎవరికన్నది జబ్బు తీరును బట్టి వైద్యులే తేలుస్తారు. కొన్ని కొత్త మందులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఏ మందుకూ లొంగకపోతే పెద్దపేగు తొలగించే ఆపరేషన్‌ ఉంది.

జబ్బు మొదలైన ఎనిమిదేళ్లకు క్యాన్సర్‌ జాడ కోసం కొలనోస్కోపీ చేయించుకోవాలి. జబ్బు పురీషనాళానికే పరిమితమైతే ఆ ముప్పు పెద్దగా ఉండదు.

ఇంట్లోవాళ్లను వేధించే ప్రశ్న మరొకటి: పెళ్లి, పిల్లలు? ఇది అంటువ్యాధి కాదు. జబ్బు కొన్ని నెలలుగా నెమ్మదించి ఉన్నప్పుడు గర్భం దాలిస్తే చాలామందికి కాన్పు సాఫీగానే జరుగుతుంది. ఆయుష్షు కూడా దాదాపు అందరిలాంటిదే. షరతు ఒక్కటే... ఒంట్లో బాగున్న రోజుల్లోనూ మందు మానకూడదు!