ట్యాంకు నిండదెందుకు?

మా ఇళ్లలో మరుగుదొడ్లు లేవు. ఫ్లష్ ట్యాంకును మేము మొదటిసారి చూసింది హాస్టల్లోనే. పై అంతస్తులో అది ఒకసారి ఖాళీ అయితే నిండేసరికి పావుగంట. వెనక వరుసలో ఉన్నవాళ్లు నీళ్లు లేక అలాగే వదిలేసేవారు. తిట్లు మాకు, చాకిరీ కామాటి అక్కకు. లోపం ట్యాంకులో ఉందని పీజీకి వచ్చాక, ఒక ప్లంబరన్న పక్కన నిలబడి చూస్తే గాని మాకు తెలియలేదు.

తమ్ముళ్లూ, ముందు ట్యాంకు కింది కుళాయి పూర్తిగా తిప్పి ఉందో లేదో చూడండి. తర్వాత మూత తీసి, బంతి ఉన్న కడ్డీని కిందికి నొక్కండి. నీళ్లు జోరందుకుంటే బంతి గోడకు రాసుకుంటోందన్నమాట. సన్నగానే వస్తే కుళాయి కట్టేసి, పైపు విప్పి, వాల్వు మూతిలోని జల్లెడ కడగండి. బోరునీళ్ల సున్నం, ఇసుక పేరుకునేది అక్కడే. నిమ్మరసంలో నానబెడితే సున్నం వదులుతుంది.

జల్లెడ శుభ్రంగానే ఉందా? విప్పిన పైపు కింద బకెట్ పెట్టి కుళాయి తిప్పండి. ధారే సన్నగా ఉంటే తప్పు ఒత్తిడిది. 10 మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి. మేడమీది ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై అంతస్తుకు దక్కేది 2, 3 మీటర్లే. (ఈ సూత్రం పరీక్షలో రాశాం గాని, దొడ్డిలో గుర్తురాలేదు!) అక్కడ సన్నరంధ్రపు హైప్రెషర్ వాల్వు బిగిస్తే నిండడం ఆలస్యమే. లోప్రెషర్ వాల్వు అడగండి.

నిండుతూనే కారిపోవచ్చు కూడా. ట్యాంకులో కాస్త నీలిమందు కలిపి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే బేసిన్లో నీలం కనిపిస్తే అడుగు వాషరు పోయినట్టే. వార్డెన్ గారికి ఇచ్చే అర్జీలో "ఫ్లష్ పనిచేయుట లేదు" అని కాక "వాషరు మార్చాలి" అని రాయండి. మొదటి రకం అర్జీలు మేము చాలా రాశాం.