అలసట ఎరగని ప్రత్యర్థి

కంప్యూటర్‌తో అంతరిక్ష యుద్ధం ఎందుకు ఎటూ తేలదు?

కొల్లేటిలోకి నీళ్లు రావడానికి దారులు చాలా ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా లెక్కలేనన్ని కాలువలు, డ్రెయిన్లు. సముద్రానికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. ఉండి, ఆకివీడు వాళ్లకు దీని సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పైనుంచి వరద, కిందినుంచి సముద్రపు పోటు ఒకేసారి తగిలితే నీళ్లు అటూ కదలవు, ఇటూ కదలవు. అంతరిక్ష వ్యూహక్రీడలు ఆడే మన కుర్రాళ్లను రాత్రుళ్లు కూర్చోబెట్టే చిక్కు కూడా సరిగ్గా ఇదే.

స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2016లో విడుదల చేసిన ‘స్టెల్లారిస్’నే తీసుకుందాం. నక్షత్రం నుంచి నక్షత్రానికి వెళ్లాలంటే గీసిపెట్టిన దారుల్లోనే వెళ్లాలి. మొదట్లో వేరే ప్రయాణ పద్ధతులూ ఉండేవి. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.0 మార్పుతో మామూలు ప్రయాణమంతా ఈ దారుల మీదికే వచ్చింది. దాంతో ప్రతి సామ్రాజ్యానికీ ఒక ఉప్పుటేరు ఏర్పడింది. ఆ ఇరుకులో గట్టి స్థావరం కడితే, దాన్ని పట్టుకోకుండా శత్రుదళం ముందుకు పోలేదు. నువ్వూ కడతావు, కంప్యూటరూ కడుతుంది. ఆటలో వందేళ్లు గడిచిపోయినా సరిహద్దు గీత అంగుళం జరగదు.

తప్పు ఆటగాడిది కాదు, లెక్కది. ఇలాంటి ఆటల్లో కంప్యూటర్ మామూలుగా చేసే పని కూడికలు, పోలికలే. నా దళం బలం ఎంత, ఎదుటి దళం బలం ఎంత, దానికి స్థావరాన్ని కలిపితే ఎంత? తనది తక్కువని తేలితే ఆగుతుంది. ఆగినంతసేపూ కొత్త నౌకలు కడుతుంది. అది కడుతోందని నువ్వూ కడతావు. రెండు అంకెలూ పెరుగుతాయి, వాటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంటుంది. పైగా దూరం ఎప్పుడూ కాపు కాసేవాడి పక్షమే. దెబ్బతిన్న నౌకకు సొంత రేవు దగ్గర, దండెత్తి వచ్చినవాడికి దూరం. అందుకే గెలిచిన యుద్ధం కూడా రెండో మజిలీ దాటేసరికి నీరసిస్తుంది.

ఎదురుగా మనిషి ఉంటే ఈ ముడి ఎప్పుడో ఒకప్పుడు వీడిపోతుంది. మనిషికి విసుగొస్తుంది, నిద్రొస్తుంది, పొద్దున్నే పరీక్ష ఉంటుంది. ఏదో ఒక తెగింపు చేస్తాడు. ఆ తెగింపులోనే ఆట మలుపు తిరుగుతుంది. యంత్రానికి ఆ అవసరమే లేదు. నా ఉద్దేశంలో ఈ ఆటల్లో యంత్రానికున్న అసలు బలం తెలివి కాదు, అలసట లేకపోవడం.

ఆట తయారుచేసేవాళ్లకు ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. 1993లో ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ వచ్చినప్పుడు ఈ తరహా ఆటలకు ‘ఫోర్ ఎక్స్’ అనే పేరు పుట్టింది: వెతుకు, విస్తరించు, వాడుకో, నిర్మూలించు. నాలుగూ ముందుకు నడిచే మాటలే. నడక ఆగిపోతే ఏం చేయాలో వాటిలో లేదు. అందుకని ఆ ఆటలో ఒక మండలి పెట్టారు. గెలాక్సీలోని జాతులన్నీ ఓటు వేస్తాయి. మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చినవాడు పాలకుడు. తుపాకులతో తేలనిది ఓటుతో తేలుతుందన్నమాట. స్టెల్లారిస్ వాళ్లు ఇంకా లోతుకు వెళ్లారు. 2.0లో యుద్ధానికి అలసటను కొలిచే అంకె తెచ్చారు. నష్టాలతో, కాలంతో అది పెరుగుతుంది. ఒక పక్షానికి నూటికి నూరు చేరాక కొంత గడువు చూసి, ఎవరి చేతిలో ఉన్నది వారికే అన్న సంధిని ఎదుటివాడు దాని మీద రుద్దగలడు. అలసట తెలియని దానికి అలసటను నియమంగా రాసి ఇచ్చారు. ఈ ఆటల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇది.

కదిలించినవాడిదే ఆట

చదరంగం ఈ పని ఎప్పుడో చేసింది. ఇద్దరూ 50 ఎత్తులు వేసినా బంటు కదలక, కాయ చావక ఉంటే డ్రా కోరవచ్చు. 2008లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా ఈ నియమాన్నే ఆయుధం చేసుకున్నాడు. ఇంటర్నెట్‌లో ఆడిన ఒక బ్లిట్జ్ ఆటలో, అప్పటి మేటి ప్రోగ్రాం రిబ్కా ముందు బంట్లన్నీ బిగించి గోడ కట్టి, అటూ ఇటూ ఉత్త ఎత్తులు వేస్తూ కూర్చున్నాడు. తనదే పైచేయి అని లెక్క కట్టుకున్న రిబ్కా డ్రాకు ఒప్పుకోలేకపోయింది. 50 ఎత్తుల గడువు దగ్గరపడేసరికి తన కోటను తానే విప్పుకుంది. 271 ఎత్తుల ఆటలో నకమురా గెలిచాడు.

అంతరిక్షంలోనూ అలాంటిదే జరిగింది. డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాస్టార్ ప్రోగ్రాం 2018 డిసెంబర్‌లో ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ నిపుణులు టీఎల్ఓ, మానా ఇద్దరినీ 5-0, 5-0 తేడాతో ఓడించింది. 2019 జనవరి 24న ప్రత్యక్ష ప్రసారంలో పోలండ్‌కు చెందిన మానా మళ్లీ ఎదురు నిలిచాడు. ఈసారి ఎదురెదురు యుద్ధానికి పోలేదు. ఒక రవాణా నౌకలో ఒకటి రెండు యంత్రాలను ఎక్కించి శత్రువు ఇంటి వెనక దించాడు. ఆల్ఫాస్టార్ తన సైన్యమంతటినీ వెనక్కి తిప్పింది. అతను యంత్రాలను ఎక్కించుకుని జారుకున్నాడు. సైన్యం ముందుకు కదిలింది. మళ్లీ దించాడు. మళ్లీ వెనక్కి. ఆ తిరుగుళ్లు తిరిగినంతసేపూ తన సైన్యాన్ని పెంచుకుని చివరికి గెలిచాడు. యంత్రం దగ్గర ఓర్పుకు కొదవ లేదు. తాను ఒకే పని పదేపదే చేస్తున్నానన్న స్పృహే లేదు.

మనుషుల మధ్య ముడి విప్పడానికి గడియారం చాలు. కొల్లేటికి అవతల గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2025 జులైలో బటూమిలో మహిళల చదరంగ ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. దివ్యా దేశ్‌ముఖ్‌తో రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. సమయం తగ్గించి ర్యాపిడ్ పెట్టగానే ఫలితం వచ్చేసింది, దివ్య గెలిచింది. రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయిన హంపికి కూడా ఆ ఒత్తిడి తప్పలేదు. కంప్యూటర్‌కు ఆ గడియారం బరువు ఏం తెలుస్తుంది?

కొన్ని ఆటల్లో ఎవరూ తప్పు చేయకపోతే ఎటూ తేలకపోవడమే న్యాయం అని కూడా యంత్రాలే నిరూపించాయి. మన అరుగుల మీద గీసుకుని ఆడిన దాడి ఆట ప్రపంచమంతా ఉంది. దానిలో మూలల గీతలు లేని తొమ్మిది కాయల పలకను 1993లో రాల్ఫ్ గాసర్ కంప్యూటర్‌తో పూర్తిగా విప్పాడు: డ్రా. పులి-మేకకు నేపాలీ తోబుట్టువైన బాఘ్‌చాల్‌ను 2007లో విప్పారు: అదీ డ్రానే. నేపాల్ పలకలో 25 చోట్లు, నాలుగు పులులు, 20 మేకలు. మన పులి-మేక పలక అంతకన్నా చిన్నది, 23 చోట్లు, మూడు పులులు, 15 మేకలు. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలోనో, భీమవరం కాలేజీల్లోనో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ఇది ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరిపోయే లెక్క. పులి గెలుస్తుందా, మేకలు పులిని కట్టేస్తాయా, రెండూ కాక తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటాయా అన్నది మన పలక మీద, మన పిల్లల చేత్తో తేల్చి చూపించాలని నా కోరిక.