తుఫాను వెలిసిన తరువాతి పక్షం రోజులు

కార్తీకమాసం సగపాలు గడిచేసరికి మా పొన్నూరు ప్రాంతపు రైతు చూపు తూర్పు దిక్కునే నిలిచి ఉంటుంది. పల్లపు చేలలో వరి కోతకు వచ్చి ఉంటుంది. పెదనందిపాడు వైపు మెరక పొలాలలో పత్తి తీతలు సాగుతుంటాయి. మిరప పూతా పిందెతో నిలిచి ఉంటుంది. సరిగ్గా అటువంటి రోజులలోనే బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న వార్త వినవస్తుంది. సముద్రం మాకు కంటికి ఆనేటంత దగ్గర కాదు. బాపట్ల దాటి సూర్యలంక చేరితే గాని అలలు కనబడవు. అయినా తూర్పుగాలిలోని తేడాను బట్టి తుఫాను రాకను పసిగట్టగల వృద్ధులు మా ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు.

తుఫాను వచ్చిన నాడు గాలి వేగం, కూలిన స్తంభాలు, మునిగిన ఎకరాలు అన్నీ పత్రికలలో వస్తాయి. గాలి ఆగిన తరువాతి పక్షం రోజుల సంగతి వ్రాసేవారు తక్కువ. వైద్యుని ఇంటి అరుగు నిండేది మాత్రం ఆ పక్షం రోజులలోనే.

1977 నవంబరు 19 నాటికి నాకు పదహారేళ్ళు. పొన్నూరుకు సమీపంలోని ఒక పల్లెలో గురువుగారి ఇంట ఉండి అష్టాంగహృదయం సూత్రస్థానం వల్లె వేస్తున్న కాలమది. తుఫాను రాబోతున్నదని రేడియోలో చెబుతూనే ఉన్నారు. ఇరుగుపొరుగులు ధాన్యం సంగతి, గొడ్ల సంగతి చూసుకొంటుండగా, గురువుగారు మమ్మల్ని నలుగురు శిష్యులనూ పిలిచి వసారాలో ఎండుతున్న మూలికల మూటలన్నిటినీ అటక మీదికి ఎక్కించారు. తిప్పతీగ, నేలవేము, వట్టివేళ్ళు, తుంగముస్తలు, పర్పాటకం. "ఇల్లు కూలితే మళ్ళీ కట్టుకోవచ్చురా. రేపటి నుంచి నేల మీది మందులో సారం ఉండదు" అన్నారు. నిచ్చెన ఎక్కి దిగి విసిగిపోయిన నాకు ఆ మాట అప్పుడు చాదస్తంగానే తోచింది.

ఆ రాత్రి సంగతి ఎందరో వ్రాశారు. దివిసీమపై సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడి 10,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మా పల్లె సముద్రానికి దూరం కనుక మాకు ఉప్పెన రాలేదు. గాలీ వానా వచ్చాయి. తాటాకు ఇళ్ళు లేచిపోయాయి. చేలూ చెరువులూ ఏకమయ్యాయి. వాన వెలిసిన తరువాత ఎండ కాసింది. చినుకు చుక్క లేని నిర్మలమైన ఆకాశం, కళ్ళు చికిలించవలసినంత తీవ్రమైన వెలుగు. కష్టం గట్టెక్కిందని అందరమూ అనుకొన్నాము. గురువుగారు మాత్రం ఆ ఉదయమే పెరట్లో పెద్ద గుండిగ పొయ్యి మీదికి ఎక్కించి, శొంఠి వేసి నీళ్ళు మరిగించడం మొదలుపెట్టారు. తరువాతి పక్షం రోజులూ ఆ పొయ్యి ఆరలేదు. వచ్చినవారికి ముందు గ్లాసెడు ఆ నీరు, ఆ తరువాతనే మాట. ఎవరో పుణ్యాత్ములు పొట్లాలు కట్టి పంచుతున్న పెరుగన్నం చూసి ఆయనకు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ జ్ఞాపకం. పంచినవారి మంచి మనసును ఆయన శంకించలేదు. తడిలో నానిన కడుపులోకి నిలవ పెరుగు పోతున్నదన్నదే ఆయన బాధ.

మూలికల మూటల రహస్యం ఆ తరువాత రెండేళ్ళకు చరకసంహిత విమానస్థానం పాఠం వచ్చినప్పుడు తెలిసింది. జనపదోద్ధ్వంసమన్న అధ్యాయంలో పునర్వసు ఆత్రేయుడు గంగాతీరాన కాంపిల్యంలో శిష్యుడైన అగ్నివేశునికి చెప్పినది ఇదే. ప్రకృతులు వేరైనా, ఆహారం వేరైనా, ఒక దేశంలోని జనమంతా ఒకేసారి రోగగ్రస్తులు కావడానికి వాయువు, ఉదకం, దేశం, కాలం అనే నాలుగూ చెడటమే కారణమని, భూమి చెడి ఓషధులు రసం కోల్పోక ముందే వాటిని సేకరించి ఉంచుకొమ్మని ఆ మహర్షి హెచ్చరించాడు. నాలుగింటిలో గాలి కన్న నీటిని, నీటి కన్న నేలను, నేల కన్న కాలాన్ని తప్పించుకోవడం కష్టమని కూడా చెప్పాడు. తుఫాను ఈ నాలుగింటినీ ఒక్క రాత్రిలోనే చెరుపుతుంది. గాలీ నీరూ నేలా చెడినట్లు మనకు కనబడుతుంది. కాలం చెడినట్లు కనబడదు. ఎండ కాసింది గనుక అంతా చక్కబడిందనుకొంటాము.

కాలం చెడటమంటే ఏమిటో విడమరచి చెబుతాను. ఒక ఋతువు చివరి ఏడు దినాలనూ, వచ్చే ఋతువు మొదటి ఏడు దినాలనూ కలిపి ఋతుసంధి అన్నారు. ఆ పదునాలుగు దినాలలో పాత ఋతువు అలవాట్లను కొంచెం కొంచెంగా విడిచి, కొత్త ఋతువు అలవాట్లను కొంచెం కొంచెంగా పట్టాలి. ఒక్కసారిగా మారిస్తే శరీరం ఓర్వలేదు. తుఫాను మనకు ఆ గడువు ఇవ్వదు. శరత్తు నడుస్తుండగా రెండు మూడు దినాలు వర్షఋతువును తెచ్చి పెడుతుంది, జఠరాగ్ని మందగిస్తుంది. వెనువెంటనే శరత్తు ఎండను చూపుతుంది; పిత్తం పైకి లేస్తుంది. ఆ పిమ్మట నాలుగు నాళ్ళకే తెల్లవారుజామున మంచు కురిపిస్తుంది; శ్లేష్మం కదులుతుంది. ఒక వారంలో మూడు ఋతువులు! ఆ వారంలో పంచాంగం చూసి కాక, ఆ పూట ఆకాశం చూసి వంట చేసుకోవాలి. శరదృతువులో విడువవలసిన వాటిలో మంచు, పగటినిద్ర, పెరుగు, తూర్పుగాలి, నీటిలో తిరిగే ప్రాణుల మాంసం ఉన్నాయి. తూర్పుగాలిని విడువమని తీరప్రాంతం వారికి చెప్పడం సులువే గాని, చేపలను విడువమని చెప్పి ఒప్పించిన వైద్యుని నేను ఇంతవరకు చూడలేదు. కనీసం ఆ రెండు వారాలు మానండని బతిమాలుతుంటాను.

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఆ దినం తిథి కార్తీక బహుళ అష్టమి. శార్ఙ్గధరసంహిత చదివినవారికి ఆ తిథి చూడగానే గుండె ఝల్లుమంటుంది. కార్తీకంలో చివరి ఎనిమిది దినాలు, మార్గశిరంలో మొదటి ఎనిమిది దినాలు యమదంష్ట్ర, అనగా యముని కోర. ఆ దినాలలో మితంగా తిన్నవాడే బ్రతుకుతాడని ఆ గ్రంథం చెబుతుంది. తుఫాను సరిగ్గా ఆ కోర మొదటి దినానే వచ్చింది. నేను ముహూర్తాల వల్ల రోగాలు వస్తాయని నమ్మేవాడిని కాను. ఆ దినాలు ఋతుసంధి కావడమే ఆ పేరుకు కారణం. అయినా ఆ సాయంత్రమే అటక మీది నుంచి గుండిగను దింపించాను.

ఆ రోజులలో మా వీధి గృహిణులకు చెప్పినవే ఇక్కడ వ్రాస్తున్నాను.

అన్నిటికన్న ముందు నీరు. బురద నీరు తప్ప వేరు గతి లేనప్పుడు ఇండుపగింజను కుండ లోపలి గరుకు గోడకు కొన్ని చుట్లు అరగదీసి నీరు పోస్తే, కొన్ని గంటలలో మడ్డి అడుగుకు దిగుతుంది. దీనినే కొందరు చిల్లగింజ అంటారు. నీటిని తేర్చే వస్తువులలో సుశ్రుతుడు దీనిని పేర్కొన్నాడు. అయితే తేరిన నీరంతా మంచి నీరని భ్రమించవద్దు. కంటికి కనబడే మలినమే దిగుతుంది గాని రోగకారకమైన క్రిములు చావవు. తేరిన నీటిని వడగట్టి, తెర్లు వచ్చిన పిమ్మట మరి అయిదు నిమిషాలు కాచాలి. పంచాయతీవారు క్లోరిన్ బిళ్ళలు ఇస్తే నిస్సంకోచంగా వాడండి. పగలు కాచిన నీరు రాత్రికి, రాత్రి కాచిన నీరు పగటికి పనికిరాదని మా గురువుగారి నియమం.

ముసురు ఉన్నన్నాళ్ళూ లీటరు నీటికి పావు చెంచా శొంఠిపొడి వేసి కాచుకోవచ్చును. ఎండ తీవ్రంగా కాసిన నాడు శొంఠిని ఆపి, దాని బదులు చెంచాడు దంచిన ధనియాలు వేయండి. ఈ ఒక్క మార్పు చేయక, శొంఠి మంచిదన్నారని పది దినాలు అదే పనిగా తాగి, గుండెలో మంట, మూత్రంలో మంట తెచ్చుకొని నా వద్దకు వచ్చినవారు కొల్లలు. మంచు పడటం మొదలైన పిమ్మట ఉదయం పూట నాలుగు తులసి ఆకులు, రెండు మిరియపు గింజలు చాలును. కార్తీక శుద్ధంలో వచ్చిన తుఫానుకు ఎండ పాలు ఎక్కువ, బహుళంలో వచ్చిన దానికి మంచు పాలు ఎక్కువ. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కార్తీక శుద్ధం కనుక, మా ఇంట ధనియాల నీటితోనే ఎక్కువ పని పడింది.

ఆహారం విషయంలో ఆకలి అయితేనే తినండి. పేలాల జావ, పాత బియ్యపు గంజి, పెసరకట్టు, శొంఠి వేసిన చారు చాలును. కొత్త బియ్యం, పెరుగు, మినపపిండి వంటలు ఆ పక్షం రోజులూ వద్దు. తడిసిన ధాన్యాన్ని, పత్తిని ఇంటిలో పరచి ఆరబెట్టుకోక తప్పని స్థితి మా వైపు అందరిదీ. ఆ గదిలో మాత్రం పసిపిల్లలను, ఉబ్బసపు రోగులను పడుకోబెట్టవద్దు. బూజు వాసన వారికి విషతుల్యం.

ఇక జ్వరాల సంగతి. ఇది వ్రాయడం నాకు సంతోషం కలిగించే విషయం కాదు, కాని వ్రాయక తప్పదు.

ఆ డిసెంబరులోనే నిడుబ్రోలు అవతలి పల్లె నుంచి యాభై ఏళ్ళ రైతును తీసుకొని వచ్చారు. కోసిన పనలు నీట మునిగితే అయిదు దినాలు మోకాలి లోతు నీటిలో నిలిచి వాటిని గట్టుకు చేర్చాడు. జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు. నాడి చూశాను. ఋతుసంధిలో వచ్చే పిత్తజ్వరమని నిశ్చయించి లంఘనం విధించాను; తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి అనే ఆరింటితో చేసే షడంగపానీయం ఇచ్చాను. పిక్కలు పట్టుకొంటే కేక పెడుతున్నాడని అతని భార్య చెప్పింది. నీటిలో నిలిచినందువల్ల వాతమన్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పుసి లేదు. దానినీ పిత్తం ఖాతాలోనే వేశాను. రెండవ నాటి సాయంత్రం అతని కోడలు ఫోను చేసి, "శాస్త్రిగారూ, మా మామయ్యగారి కళ్ళు పచ్చబడుతున్నాయండీ, పొద్దుటినుంచీ నీళ్ళకి కూడా సరిగ్గా వెళ్ళలేదండీ" అన్నది. ఆ మాటతో నాకు ముచ్చెమటలు పోశాయి. ఒక్క నిమిషం ఆగకుండా గుంటూరు తీసుకొని వెళ్ళమన్నాను. అక్కడ రక్తపరీక్ష చేసి లెప్టోస్పైరోసిస్, అంటే జనం ఎలుకజ్వరమనే వ్యాధి అని తేల్చారు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నిలిచినవారికి పాదాల పగుళ్ళ ద్వారా, గాయాల ద్వారా సోకే జబ్బు అది. మూత్రపిండాల దాకా వెళ్ళింది. పదకొండు దినాలు ఆసుపత్రిలో ఉన్నాడు.

నేను ఇచ్చిన పానీయం అతనికి అపకారం చేయలేదు. నేను పోగొట్టిన రెండు దినాలు చేశాయి. జ్వరం ఏ ఋతువులో వచ్చిందో చూశాను గాని, అతడు ఏ నీటిలో నిలిచాడో అడిగి కూడా లెక్కలోకి తీసుకోలేదు. కాలం చెడిందని చూసి, ఉదకం చెడిందన్న మాట మరచాను. పదహారేళ్ళ వయసులో మూటలు మోసి నేర్చుకొన్న పాఠమే అది.

అప్పటి నుంచి తుఫాను తరువాత జ్వరమని వచ్చినవారిని ముందుగా అడిగేది, పొలంలో నీటిలోకి దిగారా అని. దిగి ఉండి, పిక్కలలో నొప్పి, కళ్ళలో ఎరుపు ఉంటే నా వద్ద ఒక్క పూట కూడా ఆగనివ్వను. వారం పది దినాల పిమ్మట మొదలయ్యే జ్వరాలలో డెంగ్యూ ఉంటుంది. కొబ్బరి చిప్పలలో, పగిలిన కుండలలో, మేడ మీది మూతలేని తొట్లలో నిలిచిన తేటనీటిలోనే దాని దోమ పెరుగుతుంది. జ్వరం తగ్గిందనుకొన్న నాడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, నిస్త్రాణ కనబడితే అది కోలుకోవడం కాదు, ప్రమాదం. బొప్పాయి ఆకు రసం నమ్ముకొని ఇంటిలో కూర్చోవద్దు. రక్తపరీక్ష చేయించుకోవడం ఆయుర్వేదానికి అవమానం కాదు. విరేచనాలు పట్టుకొన్నవారికి ఉప్పు, చక్కెర కలిపిన నీరో, ఆసుపత్రివారిచ్చే ఓఆర్ఎస్ పొట్లమో, పేలాల జావతో పాటు పడుతూనే ఉండాలి. పసిపిల్లలు మూత్రం పోయక, కళ్ళు లోతుకు పోయి, మగతగా ఉంటే వెంటనే బయలుదేరండి.

నీటిలోకి దిగక తప్పని రైతులు రబ్బరు బూట్లు వేసుకోవాలి. అవి లేనివారు కాళ్ళ మీది గాయాలను నీరు చొరని పట్టీతో కప్పుకొని దిగి, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కొని, పూర్తిగా తుడుచుకొని, పగుళ్ళకు వేపనూనె రాయాలి. ముందుజాగ్రత్తగా వేసుకొనే మాత్రలు కూడా ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడగండి.

ఆ రైతు సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒకనాడు మా ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు గాని కంటిలో తేట వచ్చింది. రంగు మారిన ఆ పంటలో కాస్త మంచివి ఏరించి, చిన్న సంచిలో బియ్యం తెచ్చి అరుగు మీద పెట్టాడు. రెండు దినాలు ఆలస్యం చేశానని నా నోటితో నేను చెప్పాను. అతడు కాసేపు ఊరకుండి, "పనలు మాత్రం సగం దక్కాయండి" అన్నాడు. బియ్యం కొత్తవి. ఏడాది పాతబడిన తరువాత వండుకొంటానని చెప్పి లోపల పెట్టించాను.