ఎలుకకు పెట్టిన మందు ఎంతదూరం పోతుంది?



చేలో ఎలుకల మందు పెట్టి వస్తాము. వారం తిరిగేసరికి ఎలుకలు చస్తాయి. మందు పని అయిపోయిందనుకుంటాము. కాని కొన్ని మందుల పని అంతటితో ఆగదు. చచ్చిన ఎలుకలోను, చావబోయే ఎలుకలోను అది వుండనే వుంటుంది. ఆ ఎలుకను తిన్న నక్కలోకి, జంగుపిల్లిలోకి, ముంగిసలోకి పోయి అక్కడ పోగుపడుతుంది. ఇటువంటి సంగతి కళ్ళకు కట్టినట్లు బయటపడిన చోటు ఇంగ్లాండు. ముందు అది చెబుతాను.

అక్కడ గోధుమ మొలకను తొలిచే ఒక ఈగ బెడద వుంది. దానికోసం 1950ల నడిమి నుంచి రైతులు విత్తనానికి ఆల్డ్రిన్, డీల్డ్రిన్, హెప్టాక్లోర్ అనే మందులు పట్టించి విత్తసాగారు. మట్టి కప్పని గింజలను అడవి పావురాలు ఏరుకు తిన్నాయి. పావురాలు చచ్చాయి. వాటిని నక్కలు తిన్నాయి. 1959 నవంబరు మొదలు 1960 ఏప్రిల్ వరకు, ఒక్క చలికాలంలో, సుమారు 1,300 నక్కలు చచ్చినట్లు లెక్క తేలింది. వాటికి మనిషిని చూస్తే భయం కూడా పోయిందట. కళ్ళు సరిగా ఆనక, ఒకేచోట గుండ్రంగా తిరిగి, కాళ్ళు కొట్టుకుని చచ్చేవట. మొదట యేదో కొత్త తెగులు అనుకున్నారు. ఆ నక్క మన పొలాల్లో తిరిగే నక్క కాదు, గుంటనక్కకు దగ్గర చుట్టం. తిండి మాత్రం ఇంచుమించు ఒకటే. చివరకు 1961లో, వసంతకాలంలో వేసే విత్తనానికి ఈ మందులు పట్టించడం మానాలని అక్కడ ఒప్పందం కుదిరింది.

ఒక్క గింజకు పట్టిన మందు ఎంత? చాలా తక్కువ. మరి నక్క ఎలా చచ్చింది? ఆ మందులు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుచేత మూత్రంతో బయటికి పోక కొవ్వులో నిలిచిపోతాయి. పావురం వందల గింజలు తింటుంది, నక్క పావురాల మీద పావురాలు తింటుంది. అన్నిటిలోని మందూ చివరికి నక్క ఖాతాలో జమ. తిండి దొరకని రోజుల్లో ఒంటి కొవ్వు కరిగితే, దాచివున్న విషం ఒక్కసారిగా నెత్తురులోకి, మెదడులోకి దిగుతుంది.

ఈ మూడు మందులూ 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందపు మొదటి జాబితాలోనే చేరాయి. అదే జాతి డి.డి.టి.ని మన దేశంలో వ్యవసాయానికి 1989లో నిషేధించారు. అయితే మనకిక చింత లేదా? వుంది. మనం వరి చేలో పెట్టే బ్రోమడయోలోన్ కూడా నిలవుండే మందే. ఇది కొవ్వులో కాదు, కాలేయంలో పట్టుకుని నెలల తరబడి వుంటుంది. నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగు నుంచి ఎనిమిది రోజులు తిరుగుతుంది. ఆ రోజుల్లో మళ్ళీ ఎర తింటుంది. మందకొడిగా, పట్టపగలు గట్టు మీదకి వస్తుంది. అటువంటి ఎలుక జంగుపిల్లికి ఎంత సులువుగా దొరుకుతుందో వేరే చెప్పాలా?

అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో తిరిగే ప్యూమా అనే పెద్దపిల్లికి 2014లో గజ్జి పట్టివుండగా పరీక్షిస్తే, ఈ తరహా ఎలుకల మందే నెత్తురులో కనబడింది. 2020లో ఆ రాష్ట్రం చట్టం చేసి, 2021 నుంచి యిటువంటి మందుల వాడకాన్ని చాలావరకు కట్టడి చేసింది. పంటపొలాలకు మినహాయింపు ఇచ్చింది లెండి.

"మరి ఎలుకలను చంపవద్దంటారా?" అని మీరు అడగవచ్చు. చంపవలసిందే. కాని ఎలుక ఏడాదికి పలుమార్లు పిల్లలు పెడుతుంది, నక్క ఒక్కసారే పెడుతుంది. రెండూ చస్తే ముందుగా తిరిగివచ్చేది ఎలుకే. జీతం లేని కాపలాదారును మనమే పోగొట్టుకున్నట్లు.

కనుక ముందు బుట్టలు పెట్టించండి, కన్నాల్లో గడ్డి పొగ పట్టించండి. మందే కావలసివస్తే, సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే పెట్టండి. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం బ్రోమడయోలోన్ పొడి కలిపి, 10 నుంచి 15 గ్రాముల పొట్లాలుగా కన్నం లోపలికి నెట్టండి. గట్టు మీద చల్లవద్దు. జింకు ఫాస్ఫైడు ఒంట్లో ఇలా పోగుపడదు. అయితే అది వెంటనే ప్రాణం తీసే విషం, విరుగుడు లేదు, పిల్లలున్న ఇంట దాచరాదు.

ఎర పెట్టిన మూడోనాటి నుంచి పది రోజులు పొద్దున్నే చేలు తిరిగి, చచ్చిన ఎలుకలను పారతో ఎత్తి లోతుగా పూడ్చండి. నా అనుభవంలో రైతులు ఎక్కువగా వదిలేసే పని యిదే. ఎలుకలు తిన్న కుక్కకు చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి నెత్తురు కనబడితే ఆలస్యం చేయక పశువైద్యుని దగ్గరకు తీసుకుపోండి, మందు పేరు చెప్పండి. బ్రోమడయోలోన్‌కు కె1 విటమిను విరుగుడు. కాని ఒకటి రెండు రోజులిచ్చి ఆపరాదు, వారాల తరబడి ఇవ్వవలసి వస్తుంది. మందు లోపల అంతకాలం వుంటుంది మరి.